పేరుచే నీరు తేటపడునా?

గోదావరి యొడ్డున నుండియు గ్రుక్కెడు తేటనీటికై వెదకుకొనవలసిన గతి ఒక పట్టణమునకు పట్టునేని, ఆ లోపము నదిది కాదు, నరులది. పెద్దపల్లి జిల్లాలోని రామగుండము, గోదావరిఖనుల మంచినీటి ప్రశ్న అట్టిది. ఈ పట్టణము దేశమునకు బొగ్గు నిచ్చుచున్నది. 1983 మొదలు విద్యుత్తు నిచ్చుచున్నది. 2021 మొదలుకొని మరల ఎరువు నిచ్చుచున్నది. పదిమంది ఇండ్ల దీపములకు వెలుగు నిచ్చు ఊరు తన యింటి కడవలోని నీటివంక అనుమానముతో చూచుకొనవలసివచ్చుట కంటె విపరీతమేమున్నది? సింగరేణి వాడలలో కంకర, ఇసుకల పొరలగుండ నీటిని వడపోయు ‘రాపిడ్ గ్రావిటీ ఫిల్టరు’ అను మాట ఇటీవల తరచుగా వినబడుచున్నది. ఆ యంత్రాగారములు ఏమి చేయగలవో, ఏమి చేయజాలవో ప్రజలు తెలిసికొనుట యుక్తము. తెలియని ప్రజలకు పథకముయొక్క పేరు మాత్రమే దక్కును, నీరు దక్కదు.

మన పూర్వులు కలకబారిన నీటిని తేర్చుటకు చిల్లగింజను కుండలోపల అరగదీసి కలిపెడివారు. సంస్కృతమున దీనిని కతకమందురు. కతకఫలము నీటిని తేర్చునదియే యైనను, దాని పేరు ఉచ్చరించినంతమాత్రమున నీరు తేటపడదను ఉపమానము మనుస్మృతిలో నున్నది. కర్మను విడిచి చిహ్నములను పట్టుకొనువారినిగూర్చి చెప్పిన మాట అది. నేటి మన జలపథకములకు ఇంతకంటె తగిన హెచ్చరిక వేరొకటి కానరాదు. 2015లో కేంద్రప్రభుత్వము పట్టణముల సదుపాయములకై ఒక పథకమునకు ‘అమృత్’ అని పేరిడినది. రామగుండము ఆ జాబితాలో నొకటి. 2016 ఆగష్టు 7వ తేదీన గజ్వేలు ప్రాంతమందలి కోమటిబండలో రాష్ట్రప్రభుత్వ పథకము ‘భగీరథ’ నామముతో ప్రారంభమైనది. అమృతమును భగీరథుని పేరును రెండును పవిత్రములే. గింజను అరగదీయు చేయి ఏది యన్నదియే మా ప్రశ్న.

ముందుగా నీటి లెక్కను చూతము. రామగుండమునకు ఎగువన ఎల్లంపల్లియొద్ద గోదావరిపై నిర్మింపబడిన శ్రీపాదసాగరము ఇరువది టీఎంసీలకు, అనగా రెండువేల కోట్ల ఘనపుటడుగులకు కొంచెము పైబడి నీటిని పట్టునది. దాని యొడ్డున ముర్మూరు గ్రామమునుండి హైదరాబాదు నగరమునకు ఏటికి పది టీఎంసీలు కేటాయింపబడినవి. 2015 సంవత్సరాంతము మొదలు దినమునకు 172 మిలియన్ గ్యాలనుల ప్రమాణమున, సుమారు 186 కిలోమీటర్ల గొట్టపుమార్గమున, బొమ్మకల్లు మీదుగా మల్లారము చేరి, అచ్చట వడపోయబడి, కొండపాక, ఘనపురముల మీదుగా ఆ నీరు రాజధానికి పోవుచున్నది. 2025 సెప్టెంబరులో ఈ పథకపు రెండవ దశకు కూడ శంకుస్థాపన జరిగినది. రాజధాని దప్పిక తీరుటను మేము ఈర్ష్యతో చూడము. హైదరాబాదునందలి కూలివాడును మన తెలుగువాడే, వాని బిడ్డయు బిడ్డయే. కాని నూటయెనుబదియారు కిలోమీటర్లు మోసికొనిపోయి నీటిని శుద్ధిచేయగల సామర్థ్యము మన ఇంజనీర్లకు కలదని దీనివలన రుజువైనది గదా! ఇక జలాశయము నీడనే యున్న పట్టణమునకు శుద్ధజలము నిచ్చుట అసాధ్యమని ఎవరైనను చెప్పినయెడల ఆ మాట నమ్మదగినది కాదు.

దిగువ సంగతి వేరు. కాళేశ్వరము ఎత్తిపోతలలో భాగముగా 2019లో సుందిళ్ళయొద్ద నీరు నిలిచినప్పుడు గోదావరిఖని ప్రజలు నిండు గోదావరిని కన్నులార చూచిరి. 2023 అక్టోబరు 21వ తేదీన మేడిగడ్డ స్తంభములు క్రుంగినవి. తరువాతి సంవత్సరమున నిపుణులు మూడు ఆనకట్టల తలుపులను తెరచియుంచవలసినదని సూచించిరి. నిండుగనున్న నది మరల ఇసుకదిబ్బల నడుమ పాయలైనది. ఎగువ నున్న జలాశయము నీరు విడిచిననే దిగువ బావులకు ఊట. ఇట్లు ఒక పట్టణపు ప్రాణాధారము మరియొకచోట తలుపులు తెరచుట, మూయుటలపై ఆధారపడినది.

ఇసుకదిబ్బలని మేము తేలికగా అనుటలేదు. గోదావరి, మానేరు తీరవాసులకు ఇసుకయే తొలి వడపోతయంత్రము. వేసవిలో నది యెండినప్పుడు స్త్రీలు ఇసుకలో చెలమలు త్రవ్వి, ఊరిన నీటిని చిప్పతో కడవకు ఎత్తుకొనెడివారు. ప్రవాహములో బురదగానున్న నీరు చెలమలో తేటగా నుండుట అందరును చూచినదే. ఇందు మాయ ఏమియు లేదు. కణముల సందులగుండ మెల్లగా పోవు నీటిలోని మలినము కణములకు అంటుకొని నిలిచిపోవును. ఇసుకపై కాపురముండు సూక్ష్మజీవులు ఆ మలినములోని కొంతభాగమును తినివేయును. నదీగర్భమున బావులు దింపి ఇసుకనుండి ఊరు నీటిని తోడు పద్ధతి చెలమయొక్క పెద్దరూపమే. నాగరికదేశములందును రైను మొదలగు నదుల యొడ్డున ఈ పద్ధతిని నేటికిని ఆదరించుచున్నారు.

అట్టి ఇసుకకు పట్టిన గతి యేమి? భూగర్భగనులలో బొగ్గు తీసిన పిమ్మట మిగిలిన శూన్యమును నింపకున్నయెడల పైనేల క్రుంగును, లోన మిగిలిన బొగ్గుకు నిప్పంటును. అందుచే నీటితో కలిపిన ఇసుకను గొట్టములద్వారా గనిలోనికి పంపి నింపెడివారు. నది ఇసుక దశాబ్దముల తరబడి ఇట్లు భూమిలోనికి పోయినది. గనికార్మికుని ప్రాణరక్షణకై అది ఆవశ్యకమని మేమెరుగుదుము. ఉపరితల గనులలో త్రవ్విపోసిన మట్టిబండలనుండియే ఇసుకను తయారుచేసి వాడుటకు సింగరేణి సంస్థ పూనుకొనుట శ్లాఘనీయము. ఆ పనిని సంపూర్ణముగా సాగింపవలెను. కాని గని కొరకు పోయిన ఇసుక ఒకయెత్తు, పట్టణముల మేడలకై లారీలపై పోవు ఇసుక మరియొకయెత్తు. మానేరు ఇసుక త్రవ్వకములనుగూర్చిన వివాదములు జాతీయ హరిత ధర్మాసనము వరకును పోయినవి. నదిపాన్పునుండి ఇసుకను ఎత్తివేసి, దాని స్థానమున సిమెంటు తొట్టిలో ఇసుకను పోసి, దానికి ప్రారంభోత్సవము జరుపుట చూచువారికి నవ్వు తెప్పించును. చెల్లించువారికి నవ్వు రాదు. ప్రకృతి ఉచితముగా చేయుచున్న పనిని మనము ధనవ్యయముతో మరల చేయుచున్నాము.

అయినను యంత్రాగారము అనవసరమని దీనివలన తేలదు. రెండు లక్షలకు మించిన జనమునకు చెలమలు చాలవు. కావున యంత్రపు తత్త్వమును విచారింతము.

ఇసుకపాన్పులు రెండు విధములు: మందగతివి, శీఘ్రగతివి. 1829లో లండనునగరమున చెల్సీ జలసంస్థవారి ఇంజనీరు జేమ్స్ సింప్సను నిర్మించినది మందగతి పాన్పు. అందు నీరు గంటకు జానెడుకంటె తక్కువగా దిగును. కొన్నిదినములు గడచిన పిమ్మట ఇసుకపై జిగటపొర యొకటి కట్టును. చూచుటకు అది మురికివలె నుండును, కాని నీటిని శుద్ధిచేయునది అదియే. ఆ పొర దట్టమై నీరు దిగకుండినప్పుడు, పైని అంగుళముపాటి ఇసుకను గీకి తీసివేయుదురు. మందు అక్కరలేదు, విద్యుత్తు అంతగా అక్కరలేదు. కలకత్తాకు పల్టాయొద్ద 1870 ప్రాంతమునను, మన తెలుగువారెందరో కాపురమున్న మదరాసునకు కీల్పాకమున 1914లోను ఏర్పడినవి ఈ జాతివే.

శీఘ్రగతి పాన్పు అమెరికాఖండమున పుట్టినది. అచ్చటి ఒహైయో నది మన గోదావరివలె వరదలో ఎఱ్ఱని బురదతో పారును. మందగతి పాన్పులు ఆ బురదకు మూసికొనిపోవును. 1895 మొదలు 1897 వరకు లూయీవిల్ నగరమున జార్జి ఫుల్లరు అను శాస్త్రజ్ఞుడు చేసిన పరీక్షలచే ఒక సత్యము స్థిరపడినది: ముందుగా పటిక వేసి, బురదను రేణువులుగా కూర్చి, తేర్చి, పిమ్మట ఇసుకలోనికి పంపినగాని వేగముగా వడపోయుట సాధ్యము కాదు. నేటి యంత్రాగారముల క్రమమంతయు ఇదియే. నీటిని మెట్లపైనుండి జారవిడిచి గాలి తగిలింతురు. పటిక కలుపుదురు. పెద్ద తొట్టిలో మెల్లగా త్రిప్పి మడ్డిని అడుగున దింపుదురు. అంతట తేరిన నీరు రెండు, రెండున్నర అడుగుల మందముగల ఇసుకగుండ, దానిక్రింద సుమారు అడుగున్నర కంకరగుండ దిగును. కంకర పైపొరలో ఆవగింజంత, అడుగుపొరలో నిమ్మకాయంత యుండును.

ఇచ్చట ఒక సామాన్యభ్రమను తొలగింపవలసియున్నది. ఈ పాన్పులో వడపోయునది ప్రధానముగా ఇసుక, కంకర కాదు. కంకర ఇసుకను మోయును, అది గొట్టములలోనికి జారకుండ కాపాడును, కడుగుటకై క్రిందినుండి పంపు నీటిని పాన్పంతటికిని సమముగా పంచును. అడుగున నుండి కనబడక మోయువాని శ్రమ గనులసీమవారికి వేరుగ చెప్పవలయునా? ఆ కంకరపొర చెదరినచో పైనున్న మేలైన ఇసుకయు నిరర్థకమగును. కంకరయే స్వయముగా వడపోయు పద్ధతియు నొకటి కలదు. ముతక, నడిమి, సన్న కంకరలను వరుసగా నింపిన తొట్లలో బురదనీటిని అడ్డముగా మెల్లగా పారించినచో పటిక లేకయే మడ్డిలో చాలభాగము నిలిచిపోవును. మందులు, విద్యుత్తు, నిపుణులు సులభముగా దొరకని చిన్న గ్రామములకు, మందగతి పాన్పునకు ముందుమెట్టుగా ఇది మిక్కిలి అనువైనది.

ఇక భూమి లెక్క. మా పాఠకులలో భూస్వాములు పెక్కుమంది గలరు. వారికి ఈ లెక్క సులభము. 2011 జనాభా లెక్కల ననుసరించి రామగుండము జనసంఖ్య 2,29,644. పట్టణములలో మనిషికి దినమునకు 135 లీటర్లను ప్రమాణముగా కేంద్రప్రభుత్వ నిపుణులు నిర్ణయించియున్నారు. అనగా దినమునకు మూడుకోట్ల పదిలక్షల లీటర్లు. శీఘ్రగతి పాన్పుపై గంటకు అయిదు మీటర్ల వేగముతో నీరు దిగునని కొన్నచో, కావలసిన ఇసుకపాన్పు సుమారు 260 చదరపు మీటర్లు. అనగా రెండున్నర గుంటలు! మందగతి పాన్పే కట్టదలచిననను మూడెకరముల పదిగుంటలకు మించదు. కడుగునప్పుడు నిలిపివేయుటకును, జనము పెరుగుటకును మూడింతలు చేసికొన్నను, ఒక నడిమితరగతి రైతు చేనికంటె ఎక్కువ కాదు. హైదరాబాదునకు పోవు 172 మిలియన్ గ్యాలనుల నీటికి సైతము శీఘ్రగతిని ఎకరమున్నర పైచిలుకు పాన్పు చాలును. మందగతిని ఎనుబది యెకరములు కావలయును. మహానగరములు శీఘ్రగతిని ఎన్నుకొనుటకు కారణమిదియే. వేలాది యెకరముల భూమిని గనులకు, బూడిదచెరువులకు, జలాశయమునకు సేకరించిన ఈ జిల్లాలో, మంచినీటికి మూడెకరములు దొరకలేదనుట చెల్లదు.

స్థలము కొరత కానప్పుడు కొరత దేనిది? నిత్యశ్రద్ధది. శీఘ్రగతి పాన్పు పసిబిడ్డవంటిది. ఇంచుమించు దినమున కొకసారి గాలితోను, నీటితోను క్రిందినుండి పైకి కడుగవలయును. కడుగుట ఒక పూట మానినచో మడ్డి ముద్దలు కట్టి, పాన్పు పగుళ్లువారి, నీరు వడపోతలేకయే పగుళ్లగుండ దిగిపోవును. వానకాలమున నది రంగు గంటగంటకు మారును. పటిక పాలు కూడ గంటగంటకు మారవలయును. రాత్రి రెండుజాముల వేళ వరద వచ్చినప్పుడు పరీక్షించి పాలు నిర్ణయించు రసాయనికుడు అచ్చట మేల్కొనియున్నాడా? ప్రారంభోత్సవమునాడు శిలాఫలకమును చూచుటకు వచ్చినవారెందరో, రెండేండ్ల పిమ్మట ఇసుకను చూచుటకు వచ్చినవారెందరో లెక్కించినచో మన పరిపాలన స్వరూపము తెలియును.

యంత్రాగారము ఎంత చక్కగా నడచినను దానికొక మేర కలదు. ఇసుక బురదను ఆపును, క్రిములలో పెక్కింటిని ఆపును, కరగియున్నదానిని ఆపజాలదు. ఉప్పు, ఫ్లోరైడు, నైట్రేటు ఇసుకగుండ అడ్డులేక సాగిపోవును. ఫ్లోరైడు వలన ఎముకలు వంగు వ్యాధి మన దేశమున మొదట గుర్తింపబడినది 1937లో, నాటి నెల్లూరు జిల్లాయందలి పొదిలి ప్రాంతమున. నల్లగొండ సీమ దానివలన తరములపాటు క్రుంగినది. పటిక, సున్నముల మోతాదును అందుకై వేరుగ కూర్చిన పద్ధతికి ‘నల్లగొండ పద్ధతి’ యని పేరు. వట్టి వడపోత అచ్చట చాలలేదనుటకు ఆ పేరే సాక్ష్యము. గనులసీమకు ఈ సంగతి ముఖ్యము. బొగ్గుపొరలగుండ ఊరిన గనినీటిలో ఖనిజలవణములు, కఠినత్వము హెచ్చుగా నుండవచ్చును. బూడిదచెరువులనుండి ఊరు నీటిని ఏమరుపాటు లేక పరీక్షించుచుండవలయును. పైకి తేటగా కనబడునదెల్ల మంచినీరు కాదు. తేటదనము కంటికి తెలియును, మంచితనము ప్రయోగశాలకే తెలియును.

మూడవ మేర గొట్టములది. వడపోసి, క్లోరిను కలిపి విడిచిన నీరు కుళాయి చేరులోగా మరల మలినమగునేని పెట్టిన వ్యయమంతయు వ్యర్థము. 2009 మే నెలలో హైదరాబాదు భోలక్‌పురమునను, 2018 మార్చిలో గుంటూరు నగరమునను కుళాయినీటిలో మురుగు కలిసి ప్రజలు రోగములపాలై ప్రాణములు కోల్పోయిరి. ఆ రెండు నగరములలోను వడపోత యంత్రములు లేకపోలేదు. మురుగుకాలువ ప్రక్కను పాతబడిన గొట్టము, నీటిసరఫరా ఆగిన వేళ గొట్టములో ఏర్పడు శూన్యము, ఆ శూన్యమునకు చిల్లులగుండ లోనికి పీల్చుకొనబడు మురుగు: ఈ మూడును చేరినచో ఇసుకయంతయు ఏమి చేయగలదు? దినమునకొక గంట, రెండుదినములకొక గంట నీరు విడుచు పద్ధతియే ఈ యనర్థమునకు మూలము. ఎల్లవేళల ఒత్తిడితో నిండియుండు గొట్టములోనికి మురుగు చొరలేదు.

ప్రభుత్వజలముపై నమ్మకము సడలినందున ప్రజలేమి చేయుచున్నారు? వీధివీధిని వెలసిన నీటిదుకాణములనుండి ఇరువదిలీటర్ల డబ్బాలు కొనుచున్నారు. ఆ యంత్రములు నీటిలోని మంచిలవణములను సైతము తీసివేయుచు, కొంత నీటిని శుద్ధిచేయుటకు కొంత నీటిని మురుగులోనికి విడిచిపెట్టుచున్నవి. పన్నుద్వారా ఒకసారి, డబ్బాద్వారా మరియొకసారి, జబ్బుచేసినప్పుడు వైద్యునికి మూడవసారి పేదవాడు చెల్లించుచున్నాడు. ఉన్నవానికి ఇది అసౌకర్యము. దినకూలికి ఇది కూలిలో కోత.

ఇచ్చట 1892వ సంవత్సరపు సంగతి యొకటి మా పాఠకులకు విన్నవింతుము. జర్మనీదేశమున ఎల్బ్ నదియొడ్డున హాంబర్గు, ఆల్టోనా అను నగరములు గోడకు గోడగా నుండెడివి. హాంబర్గు నదినీటిని వడపోయక త్రాగినది. ఆల్టోనా, హాంబర్గు మురుగు కలిసిన దిగువనీటినే తీసికొన్నను, ఇసుకలో వడపోసి త్రాగినది. ఆ యేట విషూచి వ్యాపించి హాంబర్గున ఎనిమిదివేలమందికి పైగా మృతిచెందిరి. ఆల్టోనా చాలమట్టుకు తప్పించుకొన్నది. రెండు నగరముల సరిహద్దు వీధిలో ఒక ప్రక్క మృత్యువు, ఎదుటిప్రక్క ఆరోగ్యము! రాబర్టు కోహ్ పండితుడు దీనిని లోకమునకు చాటిన పిమ్మట ఇసుకపాన్పు ఆవశ్యకతనుగూర్చి వాదము లేకపోయినది. హాంబర్గు మరుసటియేడే తన వడపోతను పూర్తిచేసికొన్నది.

గనులపట్టణములందు ఇట్టి వీధులు ఏర్పడుట మిక్కిలి సులభము. కంపెనీ కాలనీకి ఒక నీరు, విద్యుత్కేంద్రపు నివాసములకు ఒక నీరు, పురపాలకసంస్థ వాడలకు ఒక నీరు, భగీరథ గొట్టము చేరిన గ్రామమునకు ఒక నీరు. యజమానులు నలుగురు, నది యొక్కటి. గనిలో ప్రక్కప్రక్కనే పనిచేయువారిలో పర్మనెంటు కార్మికునికి కంపెనీ క్వార్టరు, కాంట్రాక్టు కార్మికునికి అద్దెగుడిసె. వారి చెమటలో భేదములేనప్పుడు వారి నీటిలో భేదముండరాదు. భూమినిచ్చి ఊరు విడిచిన నిర్వాసితుని మాట చెప్పనేల? జలాశయమునకు తన పొలము నిచ్చినవాడు ఆ జలమునకు మొదటి హక్కుదారుడు.

సంస్థలకు వ్యయభారము కలదని కొందరనవచ్చును. అది నిజమే. సింగరేణి రాష్ట్రమునకు 51, కేంద్రమునకు 49 పాళ్లుగల ప్రజాసంస్థ. దాని లాభము ప్రజలది, దాని నష్టము ప్రజలది. కాలనీ గోడకు వెలుపలి వాడలకు నీరిచ్చుట పురపాలకసంస్థ విధియని కంపెనీ యనవచ్చును. ధనమున్నది కంపెనీకేయని పురపాలకసంస్థ యనవచ్చును. రెండు వాదములును కాగితముపై సబబుగనే యున్నవి. కాని కలరా కాగితములను చదువదు. గోడకు వెలుపల పుట్టిన వ్యాధి గోడ దూకి వచ్చును. ఆ గోడలోపలి ఇండ్లలో వంటచేయువారు, పసిబిడ్డల నెత్తుకొనువారు వెలుపలి వాడలనుండి వచ్చువారే. విడివిడిగా నాలుగు చిన్న యంత్రాగారములను, నాలుగు ప్రయోగశాలలను అరకొరగా నడపుటకంటె, పొత్తున ఒక్కటి చక్కగా నడపుటయే చౌక.

ఇది దయాధర్మపు ప్రశ్నయు కాదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరుల రక్షణనుగూర్చిన వ్యవహారమున సర్వోన్నతన్యాయస్థానము, మంచినీటిని పొందుట జీవించు హక్కులో అంతర్భాగమనియు, దానిని సమకూర్చుట రాజ్యముయొక్క విధియనియు స్పష్టముగా చెప్పినది. మన తెలుగుగడ్డ జలాశయములనుగూర్చి పుట్టిన తీర్పు మన తెలుగుపట్టణములకే వర్తింపకపోవుట వింతగా నుండును.

కావున మేము కోరునవి నాలుగు. మొదటిది: ప్రతి యంత్రాగారపు నీటిపరీక్షల ఫలితములను దినదినము తెలుగులో, యంత్రాగారపు ద్వారమునను, పురపాలకకార్యాలయమునను, గని ద్వారములయొద్దను ప్రకటింపవలెను. భారతీయ ప్రమాణముల సంస్థ 2012లో నిర్ణయించిన కొలతలు స్పష్టముగ నున్నవి: కలకదనము ఒక యూనిటుకు మించరాదు; కుళాయియొద్ద క్లోరిను లీటరుకు 0.2 మిల్లీగ్రాములకు తగ్గరాదు. నూరు మిల్లీలీటర్ల నీటిలో మలసంబంధమైన క్రిమి ఒక్కటియు నుండరాదు. ఈ మూడంకెలను చదువను వ్రాయను వచ్చిన ప్రతి గృహస్థుడును గ్రహింపగలడు. పరీక్ష యంత్రాగారమున మాత్రమే కాక వాడ చివరి కుళాయియొద్ద జరుగవలెను. రెండవది: యంత్రాగారమును కట్టు గుత్తతోపాటు, దానిని నడపు రసాయనికులను, కార్మికులను మూడు షిఫ్టులకును స్థిరముగా నియమింపవలెను. మూడవది: మురుగుకాలువలను దాటు పాతగొట్టముల పట్టికను తయారుచేసి, వానిని మార్చుటకు గడువు ప్రకటింపవలెను, పాన్పులు కడిగిన మడ్డినీటిని మరల కాలువకు, నదికి విడువక తేర్చి వాడుకొనవలెను. నాలుగవది: పట్టణపు నీటిబావులున్న మేరకు ఎగువను దిగువను ఇసుక త్రవ్వకమును పూర్తిగా నిషేధింపవలెను.

ఈ నాలుగవదానినిగూర్చి మా పాఠకులలోని భూస్వాములకు, పట్టణప్రముఖులకు ఒక్కమాట. ప్రభుత్వమును మందలించుట సులభము. మనవంతు చేయుట కష్టము. నదియిసుక లారీ యెక్కునప్పుడు దారి యిచ్చు పొలము ఎవరిది? ఆ యిసుకతో లేచు మేడ ఎవరిది? చెలమ యెండినదని చింతించు పెద్దలే ఇసుకబేరమున పాలు పంచుకొనుచున్నచో గోదావరి ఎవరితో మొరపెట్టుకొనును? నదియందలి ఇసుక ఒక తరము అమ్ముకొని తినుటకు తాతలు దాచిన సొమ్ము కాదు. మనుమలు త్రాగవలసిన నీటికి అది వడగుడ్డ.

రామగుండపు నీటిపాన్పునకు కావలసినది రెండున్నర గుంటల ఇసుక, దానిక్రింద అడుగున్నర కంకర, దానిప్రక్కను నిదురపోని ఒక మనిషి. ఇసుకను నది యిచ్చినది, కంకరను కొండ యిచ్చినది. ఆ మనిషిని ఇయ్యవలసినది ప్రభుత్వమును, సంస్థయు. అతడు మేల్కొనియున్నాడో లేదో నిత్యము విచారింపవలసినది ప్రజలు. ఆ విచారణ సాగినన్నాళ్లు పథకమునకు ఏ పేరున్నను నీరు తేటగనే యుండును. ఆ విచారణ మానిన దినమున అమృతమని పిలిచినను అది బురదయే.